జాజు గోడ మీది ప్లగ్గు

నా చిన్నప్పుడు శంషాబాదులో మిల్లు ఇంజను తిరిగినంతసేపే కరెంటు ఉండేది. ఇంజను ఆగితే అదీ ఆగేది. అది కూడా మిల్లుకూ, మిల్లు సొంతదారైన సావుకారి ఇంటికీ, మా ఇంటికీ మాత్రమే. మిగతా ఊరంతా కందిలి దీపాలే. మా ఇంటికి ఒక లైను ఉండటానికి కారణం మా కాక. కాక అంటే మా బాపు తమ్ముడు, నాకు చిన్నాన్న. బియ్యం మిల్లులో ఇంజనూ, దాంతో తిరిగి కరెంటు పుట్టించే డైనమోనూ ఆయన చేతిలో ఉండేవి. మా ఇల్లు మిల్లు గోడను ఆనుకొని ఉండేది కనుక సావుకారి మాకు రెండు బల్బులకు సరిపడా తీగ వేసుకోనిచ్చాడు. నైజాం ఏలుబడి చివరి సంవత్సరాలవి. నాకు ఎనిమిదేళ్ళుంటాయి.

ఇప్పుడు ఆ మిల్లు ఏ చోట ఉండేదో చూపించమంటే నేను కూడా సరిగ్గా చూపించలేను. రోడ్డు వెడల్పయింది, విమానాశ్రయం వచ్చింది, పొలాల గట్లు చెరిగిపోయాయి. ఆ రోజుల్ని చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. కాబట్టి తెలిసినంతవరకు రాస్తున్నాను.

మా కాక భార్యది పాల్మాకుల. నాకు చిన్నమ్మ. ఆమెకు పిల్లలు లేరు. నేను పుట్టిన తరువాత మా అమ్మకు వెంటవెంటనే ఇద్దరు తమ్ముళ్ళు పుట్టడంతో, నేను చిన్నమ్మ పక్కలోకి చేరాను. ఆమె పెద్ద మాటకారి. కాక పొద్దున్నే మిల్లుకు పోయి చీకటిపడ్డాక నూనె వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆయన కాళ్ళు కడుక్కుంటుంటే వాడకట్టు ఆడవాళ్ళకు వినబడేటట్టు అనేది: "మీ కాక ఇంజన్ను పెండ్లి జేసుకున్నడే. నన్ను కిరాయికి దెచ్చుకున్నడు." కాక నవ్వేవాడు కాదు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కొంచెం ఎక్కువసేపు మొహం దాచుకునేవాడు. ఆయన నవ్వు అట్లా ఉంటుందని నాకు తరువాత తెలిసింది.

మా ముంగిలి పెద్దది. బతుకమ్మ రోజుల్లో వాడకట్టు ఆడవాళ్ళంతా మా ఇంటి ముందే ఆడేవారు. పొద్దు గూకితే ఆట ఆపి ఎవరి బతుకమ్మను వాళ్ళు ఎత్తుకోవాల్సి వచ్చేది. ఆ యేడు చిన్నమ్మకు ముంగిట్లో ఒక దీపం కావాలనిపించింది. వానాకాలం పంట ఇంకా మిల్లుకు రాకపోయినా ఇంజను చీకటి పడ్డ తరువాత కూడా కొంతసేపు తిరిగేది. "మిల్లుల వడ్లకు ఎలుగుంటది, మాకుండొద్దా?" అని అడిగింది. రెండు మూడు సార్లు అడిగింది. కాక ఒక శుక్రవారం పట్నం పోయి నా అంత ఎత్తు స్టాండు దీపమూ, పింగాణీ ప్లగ్గూ, స్విచ్చూ తెచ్చాడు.

ఆయన ఆ పని చేస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ప్లగ్గు గోడ బయట, ముంగిలి వైపు, నా మోకాలంత ఎత్తులో బిగించాడు. స్టాండు దీపానికున్న తీగ పొట్టిది, అంతకంటే పైకి అందదు. స్విచ్చు మాత్రం గడప లోపల, గోడకు మనిషి తల ఎత్తులో పెట్టాడు. బయట పెడితే వాన తగులుతుందనీ, వాడకట్టు పిల్లలు ఆడుకుంటారనీ చెప్పాడు. "బయటిదానికి తాళంచెవి లోపలుండాలె బిడ్డా," అన్నాడు. అది నల్లని గుండ్రటి స్విచ్చు. మధ్యలో చిన్న ఇత్తడి పుల్ల. కిందికి నెడితే దీపం వెలుగుతుంది, పైకి నెడితే ఆరుతుంది. నేను ముక్కాలిపీట ఎక్కితే అందేది.

పని అయిపోయాక దీపం పెట్టి చూశారు. నేను పీటెక్కి పుల్ల కిందికి నెట్టాను, వెలిగింది. పైకి నెట్టాను, ఆరింది. ఎన్నిసార్లు నెట్టినా అట్లాగే. చిన్నమ్మ ముంగిట్లో నిలబడి, "మొగని కన్న గిదే నయం. చెప్పినట్టు ఇంటది," అంది. కాక తువ్వాలు వెతుక్కున్నాడు. ఆయన పనిముట్ల సంచి సర్దుకుని ఇంజను దగ్గరికి తొందరగా వెళ్ళిపోవడం నాకు గుర్తుంది. మాకందరికీ అది మంచి రోజు.

పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు రోజులుందనగా చిన్నమ్మ గోడలకు జాజు పూయడం మొదలుపెట్టింది. మా వైపు పండుగకు ముందు మట్టిగోడకు పైన సున్నం వేసి, కింద నడుము ఎత్తు దాకా జాజు పూస్తారు. జాజు అంటే ఎర్రమన్ను. నీళ్ళలో కలిపి, పాతగుడ్డ ముంచి, చేత్తో గోడకు రాస్తారు. ముంగిలి అంతకుముందే పేడనీళ్ళతో అలికి ఉంది. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. ఆ రోజుల్లో ఇంటి ముందు ఎవరికీ ఉండేవి కావు.

ప్లగ్గు బిగించిన చెక్క దిమ్మె సరిగ్గా ఆ జాజు పూసే చోటే ఉంది. కాక దాన్ని ముట్టవద్దని చెప్పాడు. అందుకని ఆమె చుట్టూ జానెడు మేర వదిలేసి గోడంతా పూసింది. దూరంగా పోయి చూసుకుంది. మళ్ళీ వచ్చింది. "సగం పూసిన గోడ సగం గొరిగిన తలకాయ లెక్కున్నది," అంది. తరువాత నన్ను పిలిచింది. "బిడ్డా, లోపల స్విచ్చు బందు జెయ్యిపో. గీ జర్రంత పూసి ఇడిసిపెడ్త."

నేను లోపలికి పోయాను. పీట ఎక్కాను. పుల్లను నెట్టాను. "బందు జేసిన చిన్నమ్మా" అని అరిచాను. ఆమె "ఊఁ" అంది. అది ఆమె చివరి మాట.

నేను పీట దిగి గడపలోకి వచ్చేసరికి ఆమె గోడకు ఒరిగి కూర్చొని ఉంది. తడి గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది, ఆ చెయ్యి ప్లగ్గు మీద ఉంది. ఒంగి పూస్తున్నదనుకున్నాను. ఆమె వైపు రెండడుగులు వేశానో లేదో, వెనక నుంచి మా నాయనమ్మ నా జడ పట్టుకుని గుంజింది. నేను వెల్లకిలా పడ్డాను. ఆమె ఏమి చూసి ఆపిందో నాకు తెలియదు, ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేకపోయింది. నాయనమ్మ అరుపులకు ఎదురింటాయన మిల్లుకు పరుగెత్తాడు. కొంతసేపటికి ఇంజను ఆగింది. పొద్దున్నుంచి చెవుల్లో ఉన్న చప్పుడు ఒక్కసారిగా లేకుండా పోయింది.

తరువాత జనం నిండిపోయారు. ఎవరో లోపలికి ఉరికి స్విచ్చు పుల్లను పైకీ కిందికీ నాలుగైదు సార్లు నెట్టారు. కాబట్టి అప్పటివరకు అది ఏ దిక్కున ఉందో చెప్పగలిగే వీలు లేకుండా పోయింది.

నేను వడ్ల గుమ్మి వెనక దాక్కున్నాను. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఎవరూ వెతకలేదు. అందరూ చిన్నమ్మ చుట్టూ ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టను. పొద్దు వాలేవేళ గుమ్మి పక్కకు కాక వచ్చాడు. ఆయన చేతికి జాజు అంటి ఉంది. నన్ను ఎత్తుకుని, చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు కనుక, ఎదురింటికి తీసుకుపోయి, "గీ పిల్లకు ఇంత బువ్వ పెట్టుండ్రి," అని అడిగాడు. నేను తిన్నంతసేపు గుమ్మంలో నిలబడ్డాడు. భార్య పోయిన రోజు ఆయన నా కోసం అక్కడ నిలబడ్డాడని ఇప్పటికీ తలుచుకుంటాను.

మరుసటి రోజు నుంచి ఆ ప్రశ్న మొదలైంది. ముందు మా నాయనమ్మ, తరువాత ఎదురింటామె, ఆ తరువాత నాకు పేరు కూడా తెలియని చుట్టాలు. స్విచ్చు బందు చేశావా? సరిగ్గా చేశావా? పైకి నెట్టావా, కిందికి నెట్టావా? చివరికి మా అమ్మ నన్ను పశువుల కొట్టంలోకి తీసుకుపోయి, తలుపు మూసి, మెల్లగా అడిగింది. "కొట్టను బిడ్డా. నిజం చెప్పు. మర్చిపోయినవా?" అమ్మ అడిగేదాకా నేను పైకే నెట్టానని నాకు తెలుసు. ఆమె అడిగిన తరువాత తెలియలేదు. ఇత్తడి పుల్ల, నా వేలు కళ్ళ ముందు కనబడేవి. వేలు ఒకసారి పైకి పోయేది, ఒకసారి కిందికి పోయేది. రెండూ ఒకేలా నిజమనిపించేవి. ఎనిమిదేళ్ళ పిల్లకు నేను చిన్నమ్మను చంపాననే మాట ఎవరూ చెప్పనక్కరలేదు, అది తనే చెప్పుకుంటుంది.

మూడోనాడు పిట్టకు పెట్టారు. చనిపోయినవారికి ఇష్టమైనవి వండి, పొలం గట్టున విస్తరి వేసి, అందరూ దూరంగా కూర్చొని పిట్ట వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. తొందరగా ముడితే పోయినవారికి ఏ బాధా లేదని నమ్మకం. ఆలస్యమైతే వారి మనసులో ఏదో ఉండిపోయిందని. ఆనాడు కాకులు వచ్చాయి, చెట్టు మీద కూర్చున్నాయి, కిందికి దిగలేదు. ఎండ ఎక్కింది. ఒక్కొక్కరూ దండం పెట్టి, నీ మొగణ్ణి చూసుకుంటాము, మీ అమ్మను చూసుకుంటాము అని చెప్పి వచ్చారు. అయినా దిగలేదు.

పాల్మాకుల నుంచి వచ్చిన చిన్నమ్మ అన్న ఇక ఆగలేకపోయాడు. ఆయన చెడ్డవాడు కాదు, చెల్లెలు పోయినవాడు. "ఎందుకు ముడ్తది పిట్ట? బందు జేసిన అని మా చెల్లెకు అబద్ధం చెప్పింది గా పోరి. దాని పానం గీ పోరి మీదనే కొట్టుకుంటున్నది," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. "చిన్నపిల్ల, ఇడిసిపెట్టు అన్నా," అని ఎవరో అన్నారు. కానీ కాదని ఎవరూ అనలేదు. మా బాపు తల వంచుకున్నాడు.

అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్న కాక లేచాడు. "అందరు ఇంటికి రండ్రి," అన్నాడు. పిట్ట ముట్టకుండా లేవకూడదని నాయనమ్మ అంది. "దాని సంగతి అది జూసుకుంటది. మీరు రండ్రి," అని నా చెయ్యి పట్టుకుని నడిచాడు. చేసేది లేక జనం వెంట వచ్చారు.

ఇంటి ముందు మమ్మల్ని నిలబెట్టి ఆయన మిల్లుకు పోయాడు. మూడు రోజులుగా ఆగి ఉన్న ఇంజను మొదలైన చప్పుడు వినగానే ఆడవాళ్ళు కొందరు ఏడుపు అందుకున్నారు. కాక స్టాండు దీపమూ, ఇంకొక బల్బూ, గడ్డపారా పట్టుకుని వచ్చాడు. ఆ బల్బు హోల్డరుకు పొడుగాటి తీగలు రెండు వేలాడుతున్నాయి. మిల్లులో ఏ తీగలో కరెంటు ఉందో చూసుకోవడానికి ఆయన రోజూ వాడేది అదే.

"పోయి బందు జెయ్యి బిడ్డా," అన్నాడు నాతో.

నేను కదలలేదు. ఆయన నన్ను లోపలికి తీసుకుపోయి పీట మీద నిలబెట్టాడు. తలుపు రెండు రెక్కలూ తెరిచి, బయటివాళ్ళందరికీ నా చెయ్యి కనబడేటట్టు చేశాడు. నేను పుల్ల పైకి నెట్టాను. ఆయన బయటికి పోయి స్టాండు దీపాన్ని ప్లగ్గులో పెట్టాడు. వెలగలేదు. "బందేనా?" అని చిన్నమ్మ అన్నను అడిగాడు. "బందే," అన్నాడాయన. "అందరు జూసిండ్రా?" చూశామన్నారు.

కాక దీపాన్ని ఊడదీశాడు. గడ్డపారను అలికిన ముంగిట్లో లోతుగా దిగేశాడు. పక్కన చెంబుడు నీళ్ళు పోశాడు. బల్బు తీగల్లో ఒకదాన్ని గడ్డపారకు చుట్టి, పొడి కట్టె మీద నిలబడి, రెండోదాని కొసను ప్లగ్గు రంధ్రంలో పెట్టాడు. మొదటి రంధ్రంలో ఏమీ కాలేదు. రెండోదాంట్లో పెట్టగానే బల్బు వెలిగింది. మసకగానే, కానీ పట్టపగలు అందరికీ కనబడేటట్టు వెలిగింది. లోపల నా వేలు ఇంకా ఆ పుల్ల మీదే ఉంది. అది పైకే ఉంది.

 అప్పుడు కాక మాట్లాడాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అంతకుముందూ వినలేదు, ఆ తరువాతా వినలేదు.

"రెండు తీగెలుంటయి. ఒకదాంట్ల కరెంటు వస్తది, ఇంకోదాంట్ల తిరిగి పోతది. తిరిగిపోయే తీగె మిల్లుకాడ భూమిల పాతి ఉన్నది. స్విచ్చు వచ్చే తీగెకు బెట్టాలె. నేను పోయే తీగెకు బెట్టిన. రెండు తీగెలు నల్లగనే ఉన్నయి. పోయే తీగెను తెంపినా దీపం ఆర్తది. గని గోడల కరెంటు అట్లనే నిలబడి ఉంటది, ఎవరు తాకుతరా అని. దీపం ఆరింది గదా అని నేను పని అయిపోయిందనుకున్న. గీ బల్బుతోని జూసుకునేది ఉండె. మిల్లుల రోజు జూస్త. ఇంట్ల జూడలే."

ఆ తరువాత చిన్నమ్మ అన్న దగ్గరికి పోయి నిలబడ్డాడు. "గీ పిల్ల బందు జేసినా గంతే, జెయ్యకున్నా గంతే. నీ చెల్లెను సంపింది నా చెయ్యి. కొడ్తే నన్ను కొట్టు బావా."

చిన్నమ్మ అన్న చెయ్యి ఎత్తాడు. కాక కదలలేదు. ఆ చెయ్యి అట్లాగే కొంతసేపు ఉండి, దిగిపోయింది. ఆయన మా గడప మీద కూర్చొని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పోయేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి పోయాడు.  

కాక అంతటితో ఊరుకోలేదు. మళ్ళీ మిల్లుకు పోయి ఇంజను ఆపి వచ్చాడు. ఇంజను ఆగింది, అందరమూ విన్నాము. అయినా అదే బల్బుతో ప్లగ్గునూ స్విచ్చునూ చూసుకున్న తరువాతనే చెయ్యి పెట్టాడు. "ఆగిందని చెవుతోని ఇనుడు సాలదు," అన్నాడు నాతో. స్విచ్చు విప్పి తీగలు మార్చాడు. ప్లగ్గును కింద నుంచి ఊడదీసి, జాజు తగలని ఎత్తులో, సున్నం గోడకు బిగించి, పైన రేకు మూత పెట్టాడు. దీపం తీగకు ఇంకొంత తీగ చేర్చాడు. మళ్ళీ ఇంజను నడిపాడు. నేను బందు చేసినప్పుడు ఏ రంధ్రంలో పెట్టినా బల్బు వెలగలేదు. స్విచ్చు వేస్తే వెలిగింది. ఆరు సార్లు చేయించాడు. ఆరోసారి ఆయన చెప్పకముందే నేనే పీట ఎక్కాను.

ఆ సాయంత్రమే దాన్నంతా పీకేశాడు. ఇంట్లో అది ఉంటే తాను ఉండనని నాయనమ్మ అంది. ఆయనకూ ఉంచాలని లేదు. అయితే మరి అంత కష్టపడి ఎందుకు బిగించావని మా బాపు అడిగితే, "ఒక్కపారన్న సరిగ జేసి చూపాలె గదన్నా," అన్నాడు. ఆ యేడు మా ముంగిట్లో బతుకమ్మ ఆడలేదు. పొలం గట్టున పెట్టిన విస్తరిని మేము లేనప్పుడు పిట్ట ముట్టిందో, కుక్క తిన్నదో ఎవరూ చూడలేదు.

జనం ముందు కరెంటు సంగతి ఎత్తవద్దని సావుకారి ముందే కబురు పెట్టాడట. కాక ఎత్తాడు కనుక నెల తిరగకుండా ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఆయన పట్నం పోయి, ఇళ్ళకు తీగలు వేసే పనిలో బతికాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నేను టీచరునై, పిల్లల తల్లినైన తరువాత ఒకసారి, ఆయన దవాఖానలో ఉన్నప్పుడు, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను. ఆ రోజు నేను పుల్లను పైకే నెట్టానని నువ్వు నమ్మావా కాకా, అన్నాను. 

"నాకేం తెల్వది బిడ్డా. నువ్వు గూడ తెల్సుకునే పని లేకుంట జెయ్యాలనుకున్న. చచ్చినామెకు నేను జేసేదేం లేకుండె."

ఇప్పటికీ నాకు తెలియదు. కళ్ళు మూసుకుంటే ఆ వేలు రెండు దిక్కులా పోతుంది. కానీ ఆ బల్బు మసకగా వెలిగిన క్షణం నుంచి, అది ఎటు పోయినా దాని బరువు నా మీద లేదు. భార్యను పోగొట్టుకున్న మనిషి, తన మీద ఎవరికీ అనుమానమే లేని చోట, తనంతట తాను ఆ బరువు తన వైపుకు తీసుకున్నాడు. అది ఆయనదేనని ఋజువు చేసి మరీ తీసుకున్నాడు. ఋజువు చేయకపోతే పెద్దవాళ్ళు నన్ను క్షమించేవారు, అంతే. క్షమించడానికీ, తప్పు లేదని చూపించడానికీ ఎంత తేడా ఉందో నాకు ఆనాడే తెలిసింది.

నా ఇంట్లో బయట గోడకు ప్లగ్గు పెట్టించినప్పుడు పనివాడి పక్కనే నిలబడ్డాను. స్విచ్చు లోపల పెట్టించాను, దీపం ఆరితే చాలదన్నాను, రెండు రంధ్రాలూ పరీక్షించి చూపించమన్నాను. ముసలామె చాదస్తమని అతను అనుకొని ఉంటాడు. అనుకోనీ.

ఎవరైనా పోయారని తెలిసి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నేను ముందుగా పోయినవారి దగ్గరికి వెళ్ళను. ఆ ఇంట్లో పిల్లలు ఎక్కడున్నారో చూస్తాను. అటక కిందో, మంచం చాటునో, తలుపు వెనకో ఒకరు తప్పక ఉంటారు. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. ఏమీ అడగను.